దొర మోటరులోని ఆయిలు

మా చిన్నకొడుక్కి భూపాలపల్లిలో గని క్వార్టరు ఇచ్చినప్పటి నుంచి నేను అతని దగ్గరే ఉంటున్నాను. ఇంటి ముందు రేకుల నీడలో మనవరాలి భర్త తన కారు పెట్టుకుంటాడు. దాన్ని కడగడం, తుడవడం, మూత ఎత్తి లోపలికి తొంగిచూడడం, ఇదే అతని ఆదివారం. మొన్నొక ఆదివారం ఒక చేతిపంపు పట్టుకొచ్చాడు. ప్లాస్టిక్ గొట్టాలు, సైకిలుకు గాలి కొట్టే పంపుకుండే లాంటి పిడి. చాలా చవకగా దొరికిందట. ఇక కారు కింద వెల్లకిలా పడుకుని బోల్టు విప్పక్కర్లేదట. ఆయిలు ఎంతుందో చూసే పుల్ల తీసేసి, ఆ సందులోంచి గొట్టం దింపి, పాత ఆయిలంతా పైకే లాగేయొచ్చట. మంచం మీద కూర్చున్న నాకు ఇదంతా ఓపిగ్గా పాఠం చెప్పాడు.

"అమ్మమ్మా, జర దూరం కూసో. చీర మీద పడితే మరక పోదు" అన్నాడు.

మరక పోదని నాకు తెలుసు. పంపు పిడి నాలుగుసార్లు లాగేసరికి నల్లటి ఆయిలు గొట్టంలోకి ఎక్కింది, దానితో పాటే ఆ వాసన వచ్చింది. నేను లేచి లోపలికి వెళ్లి పడుకున్నాను. ఎందుకు వెళ్లానని ఎవరూ అడగలేదు. ముసలివాళ్లు లేచి వెళ్లిపోతే కారణం అడిగే అలవాటు మా ఇంట్లో లేదు. అందుకే రాస్తున్నాను, కోపంతో కాదు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఇప్పుడు లేదు.

సాయుధ పోరాటం రోజుల్లో మేము మానుకోటలో ఉండేవాళ్లం. ఇప్పుడు దాన్ని అందరూ మహబూబాబాద్ అనే అంటున్నారు. మా ఆయన ఒక దొర దగ్గర మోటరు డ్రైవరు. ఆ దొర ఊళ్లో కమ్యూనిస్టుల సంఘం బలపడి ఆయన ఉండే గడీకి తాళం పడ్డాక, దొర మూటాముల్లె సర్దుకుని వచ్చి మానుకోట స్టేషనుకు దగ్గరలో ఒక పెంకుటింట్లో దిగాడు. నిజాం పాలన పోయి మిలటరీ వచ్చినా ఊరికి తిరిగి వెళ్లే ధైర్యం ఆయనకు రాలేదు. భూములు వదిలి వచ్చాడు గానీ మోటరును వదల్లేదు. ఆ ఇంటి వెనక కొట్టంలో ఒక పక్క మోటరు ఉండేది, ఇంకో పక్క మేము. మేమంటే నేను, మా ఆయన, మా అత్త. కిటికీ ఉన్న వైపు మోటరుది.

ఆ మోటరుకు కింద ఆయిలు వదిలే బోల్టు మరలు ఎప్పుడో అరిగిపోయాయి. విప్పితే మళ్లీ బిగిసేది కాదు. కొత్త బోల్టు దొరికే కాలం కాదది. అందుకని మా ఆయన జనగామ వెళ్లినప్పుడు, స్టేషను దగ్గర రేకుడబ్బాలు అతికే ఒకాయన దగ్గర చేతిపంపు కొనుక్కొచ్చాడు. పీపాల్లోంచి గ్యాసునూనె, అంటే కిరసనాయిలు, తోడడానికి చేసిన పంపు అది. రేకు గొట్టం, లోపల తోలుబిళ్ల, పైన కర్రపిడి. దాని మూతికి సన్నటి రాగి గొట్టం ముక్క ఒకటి అతికించాడు. ఇంజిను కాసేపు నడిపి ఆయిలు వేడెక్కాక, పుల్ల ఉండే సందులోంచి ఆ రాగి గొట్టం దింపి పిడి లాగాలి. తోలుబిళ్ల ఎండితే గాలి తప్ప ఏమీ రాదు. దాన్ని ముందురోజే ఆముదంలో నానేయాలి. ఆయన గొట్టం కదలకుండా పట్టుకునేవాడు, నేను పిడి లాగేదాన్ని. పెళ్లి మాటలప్పుడు పిల్లకు వంట వచ్చా, నాట్లు వచ్చా అని అడిగారు గానీ ఈ పని సంగతి ఎవరూ ఎత్తలేదు.

లాగిన ఆయిలును పారబోసేవాళ్లం కాదు. కొత్తది రైల్లో రావాలి, వచ్చినా అందరికీ దక్కదు. అందుకని పాత ధోవతి గుడ్డ నాలుగు మడతలు వేసి వడకట్టి మళ్లీ అందులోనే పోసేవాళ్లం. నా చేతులు ఎప్పుడూ నల్లగానే ఉండేవి. కుంకుడు నురగకూ బూడిదకూ లొంగేది కాదు ఆ నలుపు. అన్నం కలుపుకుంటే ముద్దలో కూడా అదే వాసన.

ఊరి బయట మిలటరీ క్యాంపు ఉండేది. వాళ్లకు లారీలు తక్కువ. పల్లెల మీదికి వెళ్లాలనుకున్నప్పుడు దొరను మోటరు అడిగేవాళ్లు. దొర కాదనేవాడు కాదు. కాదనకపోవడమే కాదు, తుడిపించి మరీ పంపేవాడు. మోటరుతో పాటు డ్రైవరు కూడా వెళ్లాలి కదా. డ్రైవరును ఎవరూ అడగలేదు.

అలా వెళ్లొచ్చిన ఒకనాడు మా ఆయన అన్నం ముందు కూర్చుని చేయి కడుక్కుని లేచిపోయాడు. నేను వెంటపడి అడిగితే కొట్టం గుమ్మంలో నిలబడి చెప్పాడు.

"బండ్ల మీద పోతే ఊరోళ్లకు ముందుగాల్నే ఎరుకైతది. కిర్రుకిర్రుమని చప్పుడొస్తది గద, పడుసు పోరగాండ్లు చేన్లల్లకు ఉరుకుతరు. మోటరైతే ఉరికే యాళ్ల లేదు. దుమ్ము కనవడేటాళ్లకు మనం ఇండ్ల ముంగట ఉంటున్నం."

మనం అన్నాడు. ఆ మాట ఆయనకు వినబడిందో లేదో గానీ నాకు వినబడింది. ఆ తర్వాత జవాన్లు ఎవరిని ఎలా కొట్టారో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. నాకు ఆయన మీద జాలి, చిరాకు రెండూ కలిగాయి. ఏది ముందో చెప్పలేను.

కొద్ది రోజులకు మా ఆయన అంగట్లో ఉల్లిగడ్డలు ఏరుకుంటుంటే, పక్కన కూర్చుని తానూ ఏరుకుంటున్న ఒక మనిషి తల ఎత్తకుండానే ఆయనతో అన్నాడట: "అన్నా, మల్లోపారి గా మోటరు మీద కనవడకు. బాగుండది." ఉల్లిగడ్డలు తూయించుకుని వెళ్లిపోయాడట. మాట సంఘం నుంచి వచ్చిందని వేరే చెప్పాలా? వెళితే వీళ్లు ఊరుకోరు, వెళ్లనంటే వాళ్లు ఊరుకోరు.

ఆ వారంలోనే ఇంకో కబురు వచ్చింది. మా పుట్టింటి ఊరు నర్సింహులపేట దారిలో ఉంది. అక్కడి నుంచి చింతపండు అమ్మడానికి వచ్చే ఒకామె గంప దించి, మా అవ్వ, అంటే మా అమ్మ, చెప్పమన్న మాటలు చెప్పింది. సంఘంలో తిరుగుతున్న నా తమ్ముడికి జ్వరం పట్టుకుందట. ఇంట్లో పడుకోవడానికి భయం. పగలూ రాత్రీ బావి కింది జొన్నచేన్లోనే ఉంటున్నాడట. అవ్వ దారి మీదికి చెవి పెట్టి కూర్చుంటోందట. ఊళ్లో కుక్కలు కూడా లేవు అప్పటికి. సంఘం వాళ్లు వచ్చిపోతుంటే మొరిగి పట్టిస్తున్నాయని ఊరివాళ్లే చంపేశారు. ఇక ఊరికి హెచ్చరిక దారి మీది బండి చప్పుడే. చింతపండామె వెళ్లిన సాయంత్రమే దొర మా ఆయనకు చెప్పాడు, క్యాంపు వాళ్లు ఈసారి నర్సింహులపేట వైపు పోతారు, మోటరు సిద్ధం చెయ్యమని.

"ఆయిలు లేకుంటే మోటరు నడవదు గద" అన్నాను నేను.

"ఎందుకు నడవది? జరంత దూరం నడిచి పట్టేస్తది. ఇంజిను ఖరాబైతది. అప్పుడు నా తోలు వలుస్తరు" అన్నాడు.

"నడిపినంక ఎందుకు, ముందుగాల్నే లేదని చెప్తే?"

 ఆయన లేచి పంపు తోలుబిళ్ల ఊడదీసి ఆముదంలో వేశాడు. మోటరు లేకపోతే క్యాంపు వాళ్లు బండ్లు కట్టిస్తారు. బండ్లయితే చప్పుడు ముందే చేరుతుంది, తమ్ముడు చేను దాటి పోతాడు. మా ఇద్దరి లెక్కా అదే. పైకి అనుకోలేదు, అనుకోవాల్సిన అవసరం లేకపోయింది.

మర్నాడు మధ్యాహ్నం దొర భోంచేసి నడుం వాల్చినప్పుడు పని కానిచ్చాం. ఒక మట్టికుండలోకి ఆయిలంతా లాగి, కొట్టం వెనక గడ్డి కింద పెట్టాం. సాయంత్రం మా ఆయన వెళ్లి ఆయిలు లేదని చెబితే దొర స్వయంగా వచ్చాడు. పుల్ల లాగి చూశాడు. పొడిగా ఉంది.

"ఏందిరా, గింత ఆయిలు యాడికి పాయె?"

"పాత ఇంజిను గద దొరా. తాగుతాంది."

"తాగుతదా? నా ఇంట్ల అందరు తాగేటోళ్లే పుట్టిన్రా" అన్నాడు దొర. ఆయన ఇద్దరు కొడుకుల సంగతి ఊరంతటికీ తెలుసు కాబట్టి మేము తల వంచుకున్నాం. నవ్వు వచ్చింది గానీ ఆ పూట నవ్వడానికి కూడా భయమే.

క్యాంపు నుంచి ఒక అధికారి వచ్చి మూత ఎత్తి చూసి, తమ దగ్గరున్న ఆయిలు లారీలకే చాలడం లేదని తిట్టి వెళ్లాడు. ప్రయాణం ఆగింది. మేము గెలిచామనుకోలేదు, ఒక పూట గడిచిందనుకున్నాం. ఎందుకంటే రెండు రోజులకే దొరకు జనగామలో చుట్టాలింటికి వెళ్లే పని పడింది. స్టేషనులో ఎవరినో బతిమాలి తెచ్చానని చెప్పి మా ఆయన ఆ ఆయిలే మళ్లీ పోశాడు. ఆ తర్వాత ప్రతిసారీ అంతే, దొర తిరిగి వచ్చాడని తెలియగానే క్యాంపు నుంచి మనిషి వచ్చేవాడు. ఆ మనిషి వచ్చేలోగా మేము మళ్లీ లాగేయాలి. పోయడం, లాగడం, వడకట్టడం, దాచడం, మళ్లీ పోయడం. తల ప్రాణం తోకకు వచ్చేది. నా భుజాలు రాత్రిళ్లు నిప్పులు పోసినట్టుండేవి. దేశంలో ఎవరెవరో దేనికోసమో పోరాడుతున్నారు, మా ఇంట్లో పోరాటం మాత్రం ఆ రేకు పంపుతోనే. ఒకసారి విసుగొచ్చి ఆయనతో అన్నాను, ఈ ఇంజినుకు మనకంటే సిగ్గు ఎక్కువ, ఇన్నిసార్లు కక్కించినా మాట్లాడదు అని. ఆయన నవ్వలేదు. నవ్విద్దామనే అన్నాను.

తొలకరి దగ్గర పడింది. తొలకరికి ముందు బండ్లకు కందెన వేస్తారు. ఆముదంలో వరిగడ్డి కాల్చిన మసి కలిపి చిక్కగా చేసేదే కందెన. బండి ఇరుసుకు పూస్తే చక్రం తేలిగ్గా తిరుగుతుంది. ఆ ఏడు ఆముదం దీపానికే కరువు. మా తోలుబిళ్లకు కూడా అత్త తలకు పెట్టుకునే సీసాలోంచే తీసేవాళ్లం. మా వాడలో ఉన్న బండ్లన్నీ కిర్రుమని ఏడ్చేవి. వీధి మలుపు తిరగకముందే ఏది ఎవరి బండో చెప్పగలిగేవాళ్లం. ఆ చప్పుడుకు ఎద్దులే విసుగుపడుతున్నాయా అనిపించేది.

మా అత్త బండ్లు తోలేవాళ్ల ఇంట పుట్టింది. వాళ్లలో ఒక ఆచారం ఉంది. ఎవరైనా వచ్చి కందెన అడిగితే లేదనకూడదు. బరువు ఎద్దు మెడ మీద ఉంటుంది కాబట్టి అడిగింది మనిషి కాదు, ఎద్దే అని లెక్క. పగవాడు వచ్చి అడిగినా వేలు ముంచి ఇవ్వాల్సిందే. ఆమెకు చూపు కూడా మందగించింది. వాడలో బండ్ల వాళ్లు ఏదో ఆశగా అడిగితే, ఆమెకు గడ్డి కింద నల్లటి కుండ కనబడింది. గడ్డి ఉంది, నలుపు ఉంది, జిడ్డు ఉంది. కొడుకు ఎక్కడో కందెన సంపాదించి దాచాడనుకుంది. వచ్చిన వాళ్లందరి కందెన పట్టే వెదురు గొట్టాలూ నింపి పంపింది.

నేను గుడ్డలు ఉతికి వచ్చేసరికి కుండ బోర్లించి ఉంది.

"అత్తా, గీ కుండలది ఏమాయె?"

"కందెన గాదా? బండ్లోళ్లు అడిగితే పోసిన."

"కందెన గాదత్తా, మోటరు ఆయిలు."

"నల్లగనే ఉండె గద పిల్లా" అంది. ఆమెను ఏమనాలి? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అడిగినవాళ్లకు ఇవ్వడమే నేర్చుకున్న మనిషి. చేతికి మిగిలిన జిడ్డును మోకాళ్లకు రుద్దుకుంటూ కూర్చుంది.

మా ఆయన వచ్చి విని నెత్తి పట్టుకున్నాడు. ఆయనకు ఆ పూట పట్టుకున్న భయం వాసన ఒక్కటే. బండి ఇరుసు దగ్గర మోటరు వాసన వస్తే ఎవరైనా ఆరా తీస్తారని. పరుగున వెళ్లి బండ్ల వాళ్లతో ఇరుసుల మీద పేడ పూయమని చెప్పి వచ్చాడు. వాళ్లు సంతోషం పట్టలేకుండా ఉన్నారట. పక్కింటి బండాయన, నేను అన్న అని పిలిచేదాన్ని, మా గుమ్మం దాకా వచ్చి చెప్పాడు: "ఏం కందెనే చెల్లె గిది. బండి నడుస్తాందో నిలవడ్డదో ఎరుకైతలేదు. ఎడ్లు ఎన్నడు గిట్ల నడువలే." మేము ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. అప్పటికి కూడా మాకు వాసన భయమే.

మోటరు ఎంతకీ లేవకపోవడంతో క్యాంపు వాళ్లకు ఓపిక నశించింది. ఒక సాయంత్రం పొద్దు వాలుతుండగా జవాన్లు మా వాడలోకి వచ్చి బండ్లన్నీ కట్టించారు. ఎద్దుల మెడల్లో గంటలు విప్పించి గడ్డిలో పారేశారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. నిజం చెప్పాలంటే మొదట నాకు నిమ్మళంగానే ఉంది. మా ఆయన ఇంట్లో ఉన్నాడు. మోటరు కొట్టంలో ఉంది. అనుకున్నట్టే నర్సింహులపేట వైపు బండ్లు పోతున్నాయి.

అన్న బండి ముందు నడిచింది. తర్వాత ఇంకొకటి, దాని వెనక ఇంకొకటి. జవాన్లు కూర్చుని ఉన్నారు. బండ్లు మా గుమ్మం ముందు నుంచి పోతున్నాయి, నాకేమీ వినబడడం లేదు. ఎద్దుల గిట్టలు మెత్తటి దుమ్ములో పడుతున్నాయి, అంతే. వీధి మలుపు తిరిగాయి. కళ్లు మూసుకుని ఉంటే బండ్లు పోయాయని కూడా తెలిసేది కాదు.

నేను లోపలికి వెళ్లి మా ఆయన భుజం పట్టుకున్నాను. "బండ్లు చప్పుడైతలేవు" అన్నాను. ఆయన ఒక్క క్షణం నా మొహం చూసి చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచాడు. అడ్డదారిన చేల మీద పడి పోతే బండ్ల కంటే ముందు చేరవచ్చని. ఊరు దాటనే లేదు. పహరా ఉన్న జవాను ఆపి, కర్ఫ్యూలో ఎక్కడికని వీపు మీద రెండు వేసి వెనక్కి పంపాడు. వచ్చి మోటరు ముందు కూర్చున్నాడు. ఆయిలు ఉండి ఉంటే దొర తిట్టినా, జవాన్లు కాల్చినా, దాన్నే తీసుకుని పోయేవాడు. ఆ మాట ఆయన అనలేదు. ఇంజిను మూత మీద చేయి వేసి కూర్చోవడం చూసి నేనే అనుకున్నాను.

మర్నాడు పొద్దెక్కాక బండ్లు తిరిగి వచ్చాయి. అన్న ఎద్దులను విప్పకుండానే మా గుమ్మంలోకి వచ్చి నేల మీద కూలబడ్డాడు.

"చెల్లె, అది మీ అమ్మగారి ఊరని నాకు యాదికుంది. దగ్గరికి పోయినకొద్ది బండి జర చప్పుడు చేస్తే బాగుండని మొక్కుకున్న. గట్టిగ ఒర్రి ఎడ్లను అదిలిస్తుంటే నా నోరు మూసిన్రు. తెల్లారంగ ఊర్లకు పోయినం. ఒక్క మనిషి లేస్తే ఒట్టు. నీ తమ్ముడు ఇంట్లనే దొరికిండు."

ఆ మధ్యాహ్నం అన్న తన బండి చక్రాలు ఊడదీసి, ఇరుసును బూడిదతోనూ గడ్డితోనూ తోమడం చూశాను. మిగిలిన బండ్ల వాళ్లూ అదే పని చేశారు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. మా అత్త మాత్రం, అంత మంచి కందెనను ఎందుకు తుడిచేస్తున్నారని అడుగుతూ వాడంతా తిరిగింది. ఆమెకు నిజం చెప్పే మనసు మాకెవరికీ రాలేదు.

తమ్ముణ్ని క్యాంపులో కొన్నాళ్లు ఉంచారు. చూడనివ్వలేదు. తర్వాత పెద్ద జైలుకు పంపామన్నారు. జైలు దగ్గరికి వెళ్తే అలాంటి మనిషి రాలేదన్నారు. మళ్లీ క్యాంపు దగ్గరికి వెళ్తే క్యాంపు ఎత్తేసి ఉంది. తిరిగి తిరిగి మా ఆయన కాళ్లు పగిలాయి. దేహం కూడా దొరకలేదు. పేరు రాసుకునే రాయి కూడా ఎవరూ వేయలేదు.

నేను మా అవ్వ దగ్గరికి వెళ్లగలిగింది వానలు వెనకబట్టాకే. ఆమె పెరట్లో జొన్నలు చెరుగుతోంది. నన్ను చూసి చేట ఆపలేదు. చెరుగుతూనే చెప్పింది.

"జరం ఎక్కువైంది బిడ్డా పోరనికి. చేన్ల చలిజరంతోని వణుకుతాండు. నేను అర్ధరాత్రి దాటెదాక దారికి చెవివెట్టి కూసున్న. ఏ బండి చప్పుడు లేదు. గీ పొద్దు ఎవలు రారని నేనే పోయి పిలుసుకచ్చిన. జరంత గటక తాగి పండుకో కొడుకా అన్న. తాగిండు. పండుకున్నడు."

చేట పక్కన కూర్చుని నేను మొత్తం చెప్పేశాను. మోటరు సంగతి, పంపు సంగతి, కుండ సంగతి, అత్త పోసిన సంగతి. ఏదీ దాచలేదు. దాచి మోయడానికి నాలో బలం లేదు. ఆమె నన్ను కొట్టినా బాగుండుననుకున్నాను. చేట ఆగిపోయింది. ఆమె జొన్నల్లోంచి రాయి ఒకటి ఏరి పారేసింది.

"అయితె మీ ఆయన పోలేదా బండ్ల ఎంబడి?" అని అడిగింది.

"పోలే అవ్వా. ఇంట్లనే ఉండె."

"మోటరు నడువకపోయె గద?"

"నడువలే."

"మంచిగైంది బిడ్డా" అంది. "నడిస్తె ఆయన్ను సంఘపోళ్లు పానంతోని ఉంచకపోదురు. ఇద్దరు పోదురు."

అని చేట మళ్లీ ఎత్తుకుంది.